సీమసుద్ద కొండల వెంట: సీఫర్డ్ నుంచి ఈస్ట్‌బోర్న్ దాకా

చిన్నప్పుడు బడిలో పంతులుగారు నల్లబల్ల మీద రాసే ముక్కను మనం సీమసుద్ద అనేవాళ్ళం. సీమచింత, సీమవంకాయ, సీమసుద్ద. సముద్రాల అవతలి నుంచి వచ్చిందని తోచిన ప్రతిదానికీ మన పెద్దలు ముందు 'సీమ' అని తగిలించారు. ఇప్పుడు బళ్ళలో వాడే ముక్కల్లో చాలా భాగం జిప్సంతో చేసినవే, కాని పేరు మాత్రం నిలిచింది. ఆ సీమలోనే మనం కాపురాలు పెట్టి, ఇళ్ళు కొనుక్కుని, పిల్లల్ని పెంచుకుంటున్నాం. అయినా అసలైన సుద్ద పుట్టిన కొండల్ని కాలినడకన చూసిన కుటుంబాలు మనలో తక్కువే. డోవర్‌లో ఫెర్రీ ఎక్కుతూ వెనక్కి తిరిగి చూసి, "అవిగో తెల్లకొండలు" అనుకోవడంతో సరిపెట్టుకున్నవాళ్ళమే ఎక్కువమందిమి.

సుద్దకొండల అందం, చరిత్ర రెండూ ఒకే రోజులో చూడాలంటే డోవర్ కంటె ససెక్స్ తీరం మేలు. సీఫర్డ్ అనే చిన్న ఊరి నుంచి ఈస్ట్‌బోర్న్ దాకా సముద్రం అంచునే కాలిబాట ఉంది. స్టేషను నుంచి స్టేషనుకు దూరం సుమారు 13, 14 మైళ్ళు. లండన్ విక్టోరియాలో రైలెక్కి లూయిస్‌లో మారితే సీఫర్డ్ చేరవచ్చు, తిరుగు ప్రయాణానికి ఈస్ట్‌బోర్న్‌లో నేరుగా విక్టోరియా బండి దొరుకుతుంది. వేసవిలో ఉదయం తొమ్మిదింటికి నడక మొదలుపెడితే, మధ్యలో పులిహోర పొట్లాలు విప్పుకోవడానికి, టీ తాగడానికి ఆగినా సాయంత్రం ఆరింటికల్లా అవతలి ఊరు చేరతాం. ఎక్కుళ్ళూ దిగుళ్ళూ చాలా ఉన్నాయి గనుక మోకాళ్ళ నొప్పులవాళ్ళు సగం దారితో సరిపెట్టుకోవడం మంచిది.

దారి వివరాలు ఏ పటంలోనైనా దొరుకుతాయి. ఈ కొండలు ఇలా ఖాళీగా, తెల్లగా, అందరికీ దక్కేట్టు ఎలా మిగిలాయన్నదే ఈ వ్యాసంలో చెప్పదలచుకున్న సంగతి. ఇక్కడి నేల ప్రతి ఏడూ సముద్రంలోకి పోతోంది. అది పోకుండా ఆపకూడదని కొందరు, మనుషుల చేతుల్లో పడి పాడుకాకుండా కాపాడాలని కొందరు నూరేళ్ళుగా పాటుపడ్డారు. ఈ రెండూ ఒకదానికొకటి విరుద్ధంగా కనిపిస్తాయి గాని, నడిచి చూస్తే రెండూ ఒకటేనని తెలుస్తుంది.

సీఫర్డ్ ఇప్పుడు ప్రశాంతమైన చిన్న పట్టణం. మధ్యయుగంలో మాత్రం పేరున్న రేవు. ఊజ్ నది అప్పట్లో ఇక్కడే సముద్రంలో కలిసేది. ముఖద్వారం పూడిపోతుంటే 16వ శతాబ్దిలో పడమరన కొత్త దారి తవ్వారు, అక్కడ వెలసిన రేవుకు న్యూహేవెన్, అంటే కొత్తరేవు, అని పేరు వచ్చింది. రేవు పోయినా సీఫర్డ్‌కు పార్లమెంటు స్థానం మాత్రం 1832 దాకా మిగిలింది. కొద్దిమంది ఓటర్లు, వాళ్ళ వెనుక ఒక పెద్ద జమీందారు, అంతే. 1747 నుంచి 1754 వరకు ఆ స్థానంలో ఉన్నవాడు పెద్ద విలియం పిట్. ఆ పేరు దగ్గర తెలుగువాళ్ళం ఒక క్షణం ఆగాలి. ఆయన తాత థామస్ పిట్ 1698 నుంచి 1709 దాకా మద్రాసు గవర్నరు. కృష్ణ ఒడ్డున కొల్లూరు గనిలో దొరికిందని చెప్పే పెద్ద వజ్రాన్ని ఆయన కొని ఇంగ్లండుకు పంపాడు. 1717లో దాన్ని ఫ్రాన్సు రాజప్రతినిధికి అమ్మాడు. రీజెంట్ వజ్రమన్న పేరుతో అది ఇప్పుడు పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియంలో ఉంది. పిట్ కుటుంబం భూస్వాముల్లో, పార్లమెంటు సభ్యుల్లో చేరడానికి పునాది ఆ మద్రాసు సంపాదనే. గుంటూరు సీమ మట్టిలో పుట్టిన రాయికీ, ఈ దేశపు రాజకీయాలకూ అలా చుట్టరికం కలిసింది.

సీఫర్డ్ బీచిలో గులకరాళ్ళ గుట్ట చూసి అది సహజమనుకుంటాం. అలా కాదు. ఈ తీరం వెంట గులకరాళ్ళు అలల వాలుకు పడమర నుంచి తూర్పుకు జరుగుతుంటాయి. న్యూహేవెన్ రేవుకోసం సముద్రంలోకి పొడవాటి గోడ కట్టాక పడమటి నుంచి రాళ్ళు రావడం తగ్గిపోయి, సీఫర్డ్ బీచి పలచబడి, అలలు గోడల్ని కొట్టసాగాయి. చివరకు 1987లో సముద్రం అడుగు నుంచి లక్షల టన్నుల గులక తోడి తెచ్చి బీచిని మళ్ళీ పోశారు. అప్పటి నుంచి తూర్పు చివరకు కొట్టుకుపోయిన రాళ్ళను లారీల్లో మళ్ళీ పడమటికి మోస్తూనే ఉన్నారు. ఈ సంగతి గుర్తుంచుకోండి, ముందు పనికొస్తుంది.

ఊరు దాటగానే మొదటి ఎక్కుడు, సీఫర్డ్ హెడ్. పైన ఇనుపయుగంనాటి మట్టికోట గట్లు ఇంకా కనిపిస్తాయి. కోటలో ఒక పక్క ఎప్పుడో సముద్రంలో పడిపోయింది. అక్కడి నుంచి దిగుతూ హోప్ గ్యాప్ అనే చోటు దాటి కాస్త ముందుకు వెళితే ఇంగ్లండు క్యాలెండర్లలో, బిస్కట్ డబ్బాల మీద మనం ఎన్నోసార్లు చూసిన దృశ్యం కళ్ళెదుట నిలుస్తుంది. ముందు కోస్టుగార్డుల చిన్న ఇళ్ళు, కింద కక్‌మియర్ నది ముఖం, అవతల వరుసగా తెల్లటి సెవెన్ సిస్టర్స్. సినిమాల్లో 'డోవర్ కొండలు' అని చూపించేవి చాలాసార్లు ఇవే. డోవర్‌లో రేవూ క్రేన్లూ అడ్డం వస్తాయి, ఇక్కడ అడ్డం ఏమీ లేదు.

నది ముఖం దగ్గర వంతెన లేదు. ఆటు సమయంలో కొందరు నీళ్ళలో దిగి దాటుతారు గాని పిల్లలతో ఆ సాహసం వద్దు. మైలున్నర లోపలికి నడిచి ఎక్సీట్ వంతెన మీద దాటి రావాలి. ఈ చుట్టుదారి వృథా కాదు. నది పాము మెలికలు తిరిగి పడుకున్నట్టు కనిపిస్తుంది, కాని ఆ మెలికల్లో పారే నీరు లేదు. 1840లలో వరదల బెడద తప్పించడానికి పక్కన తిన్నగా కాలువ తవ్వి నదిని అందులోకి మళ్ళించారు. అసలు నది చెరువుల్లా మిగిలింది. మైదానంలో అక్కడక్కడ కాంక్రీటు గూళ్ళు కనిపిస్తాయి. రెండో ప్రపంచయుద్ధంలో జర్మన్లు ఇక్కడ దిగుతారేమోనని కట్టినవి. వంతెన పక్కన కొండ మీద ఒకప్పుడు ఎక్సీట్ అనే ఊరు ఉండేది. 14వ శతాబ్దిలో మహామారి, ఫ్రెంచివారి దాడులు రెండూ దెబ్బతీశాయి. ఆ పైన కోలుకోలేదు. 1528లో ఆ పారిష్‌ను పక్క ఊరితో కలిపేశారు. ఇప్పుడు గుడి ఉన్న చోట ఒక రాయి మాత్రం ఉంది.

అక్కడి నుంచి ఎక్కితే మొదటి 'అక్క'. ఏడుగురు అక్కచెల్లెళ్ళు అంటే మనకు గ్రామదేవతలు గుర్తొస్తారు. ఇక్కడి అక్కచెల్లెళ్ళు మాత్రం కొండలు. పేరుకు ఏడు గాని లెక్కపెడితే శిఖరాలు ఎనిమిది వస్తాయి, ఒకటి మరీ చదునుగా ఉందని వదిలేశారు. అన్నిటికన్నా ఎత్తు మొదటిదే, హేవెన్ బ్రౌ, సుమారు 250 అడుగులు. ఒక్కొక్కటి ఎక్కడం, వెంటనే దిగడం, మళ్ళీ ఎక్కడం. మూడోదాని దగ్గర పిల్లలు "ఇంకా ఎన్ని?" అని అడగడం మొదలుపెడతారు. అప్పుడు వాళ్ళకు ఈ కొండల పుట్టుక చెప్పడం మంచిది, కాళ్ళ నొప్పి కాసేపు మరచిపోతారు.

సుమారు పది కోట్ల సంవత్సరాల క్రితం నుంచి ఆరున్నర కోట్ల సంవత్సరాల క్రితం వరకు ఈ ప్రాంతమంతా వెచ్చని సముద్రం. అందులో కంటికి కనపడని ఏకకణపు నాచుజీవులు కోటానుకోట్లు ఉండేవి. వాటి ఒంటిమీద సున్నపు పలకలు ఉంటాయి. చచ్చినప్పుడల్లా అవి అడుగున రాలి పేరుకునేవి. వెయ్యేళ్ళకు కొన్ని సెంటీమీటర్ల మందం పెరిగితే గొప్ప. అలా వందల అడుగుల సుద్ద తయారైంది. సముద్రపు స్పంజుల వంటి జీవుల్లోని సిలికా గడ్డకట్టి, తెల్లసుద్ద మధ్య నల్లని వరుసలుగా నిలిచింది. అదే చెకుముకిరాయి. మన తాతలు దూదిలో నిప్పు రాజేసుకున్న జాతి రాయే. రాతియుగపు మనిషికి కత్తి, గొడ్డలి, ఇక్కడి రైతుకు ప్రహరీగోడ, గుడిగోడ కూడా అదే. టి.హెచ్. హక్స్‌లీ 1868లో నార్విచ్ పట్టణంలో కార్మికులకు ఒక సుద్దముక్క గురించి ఉపన్యాసమిచ్చాడు. వడ్రంగి జేబులోని సుద్దముక్కను బట్టి భూమి చరిత్ర చెప్పవచ్చునని చూపిన ఆ ప్రసంగం ఇప్పటికీ సైన్సును నలుగురికీ అర్థమయ్యేట్టు చెప్పడానికి ఒరవడిగా ఉంది.

కొండకూ కొండకూ మధ్య ఉన్న పల్లాలు ఒకప్పటి లోయలు. మంచుయుగంలో నేల గడ్డకట్టి, సుద్దలో నీరు ఇంకక, పైన పారి కోసిన దారులు. ఆ లోయలు సముద్రం దాకా వాలుగా దిగాలి గదా? దిగడం లేదు, మధ్యలో కత్తితో కోసినట్టు తెగిపోయి గాలిలో వేలాడుతున్నాయి. ముందున్న నేలనంతా సముద్రం తినేసిందని దానర్థం.

తెలుపు రహస్యం కూడా ఇందులోనే ఉంది. సుద్ద చరియ కూలిన ప్రతిసారీ కొత్త ముఖం బయటపడుతుంది, అందుకే అంత తెల్లగా ఉంటుంది. గోడ కట్టో, రేవు కట్టో అలల్ని ఆపిన చోట చరియ కూలదు, మట్టి పట్టి, గడ్డి మొలిచి, ఆకుపచ్చగా మాసిపోతుంది. డోవర్ రేవు వెనుక కొన్ని చోట్ల ఇదే జరిగింది. అంటే సెవెన్ సిస్టర్స్ తెల్లగా ఉండాలంటే అవి పడిపోతూ ఉండవలసిందే.

సగం అక్కచెల్లెళ్ళు దాటాక ఎడమచేతి వైపు లోపలగా క్రౌలింక్ అనే చిన్న పల్లె వస్తుంది. 18వ శతాబ్దిలో ఈ పల్లె పేరు లండన్ సారాదుకాణాల్లో తెలుసట. ఫ్రాన్సు నుంచి దొంగచాటుగా దిగిన జిన్ సీసాలకు "అసలైన క్రౌలింక్" అని పేరు పెట్టి అమ్మేవారని చెబుతారు. బ్రాందీ, పొగాకు, లేసు, పట్టు, అన్నిటికన్నా ముఖ్యంగా తేయాకు ఈ తీరంలో రాత్రిపూట దిగేవి. తేయాకు మీద సుంకం ధర కంటె ఎక్కువగా, నూటికి 119 వంతుల దాకా ఉండేది. 1784లో చిన్న విలియం పిట్, అంటే మన మద్రాసు గవర్నరు మునిమనుమడు, దాన్ని ఒక్కసారిగా పన్నెండున్నరకు తగ్గించాడు. దొంగతేయాకు వ్యాపారం నడుము విరిగింది.

నిషిద్ధ సరుకుల్లో మన గుడ్డలు కూడా ఉండేవి. మచిలీపట్నంలో 1611 నుంచి ఇంగ్లీషు కంపెనీ వర్తకం చేసింది. అక్కడి నుంచీ, కోరమాండల్ తీరపు ఇతర రేవుల నుంచీ వచ్చిన కలంకారీ, అద్దకం గుడ్డల మోజులో పడి ఇంగ్లండు ఆడవాళ్ళు స్థానికపు ఉన్ని, పట్టు మానేస్తున్నారని నేతగాళ్ళు గగ్గోలు పెట్టారు. 1700లో, మళ్ళీ 1721లో పార్లమెంటు చట్టాలు చేసింది. రెండో చట్టంతో అద్దకం నూలుగుడ్డలు కట్టుకోవడమే నేరమైంది. 1774లో ఇంగ్లండులో నేసిన నూలుకు ఆ నిషేధం సడలించారు, మన గుడ్డలకు కాదు. మరుసటి సంవత్సరమే ప్రసిద్ధ నటుడు డేవిడ్ గారిక్ భార్యకు కలకత్తా వర్తకులు కానుకగా పంపిన కోరమాండల్ అద్దకం పడకతెరల్ని సుంకపు అధికారులు పట్టుకున్నారు. ఇప్పుడవి లండన్ విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉన్నాయి. చట్టం కాదన్న సరుకుకు దొంగదారి దొరక్కపోదు. ఈ తీరంలో రాత్రి లాంతర్లు పట్టుకు తిరిగినవాళ్ళకు పని కల్పించినది ఇలాంటి చట్టాలే. వాళ్ళను పట్టుకోవడానికే 1822లో కోస్టుగార్డు దళం ఏర్పడింది. మన దారిలో తగిలే ఆ వరుస ఇళ్ళన్నీ వారి కాపలా కోసం పుట్టినవే.

క్రౌలింక్‌కు ఇంకో చరిత్ర ఉంది. మొదటి ప్రపంచయుద్ధం నాటికి ఈ తీరంలో స్థలాల వ్యాపారం జోరందుకుంది. న్యూహేవెన్‌కు పడమరగా 1916 నుంచి పీస్‌హేవెన్ అనే ఊరు కొండ మీద గళ్ళు గీసినట్టు లేచింది. ప్లాట్లు, బంగళాలు, మట్టిరోడ్లు. ఇక్కడా అదే వస్తుందని జనం భయపడ్డారు. 1923లో పుట్టిన సొసైటీ ఆఫ్ ససెక్స్ డౌన్స్‌మెన్ సంఘం 1926లో చందాలు పిలిచి క్రౌలింక్ భూమిని కొనిపించింది. అది తరువాత నేషనల్ ట్రస్టు చేతికి వచ్చింది. అదే 1926లో ఈస్ట్‌బోర్న్ మునిసిపాలిటీ పార్లమెంటు చేత ప్రత్యేక చట్టం చేయించుకుని, తన వెనుక ఉన్న కొండభూముల్ని సుమారు 4,000 ఎకరాలు కొన్నది. 1929 నాటికి కొనుగోలు ముగిసింది. అందం ఒక్కటే కారణం కాదు, పట్టణం తాగే నీరు ఈ సుద్దలో ఇంకిన వాననీరే. కొండ మీద ఇళ్ళు వస్తే కింద బావులు చెడతాయని మునిసిపాలిటీవారికి తెలుసు. ఎక్సీట్ వైపు భూమిని 1971లో ఈస్ట్ ససెక్స్ కౌంటీ కౌన్సిలు కొని పార్కు చేసింది. 2010లో సౌత్ డౌన్స్ జాతీయవనం ఏర్పడింది, 2021లో ఆ పార్కు దాని చేతికి వచ్చింది. ఇలా ముక్క ముక్క కలిపితే ఈనాటి నడక తయారైంది. దేవుడిచ్చినట్టు కనిపించే ఈ ఖాళీ, చందాలు వేసి, పన్నులు కట్టి, దరఖాస్తులు పెట్టి సంపాదించినది.

చివరి చెల్లెలు దిగితే బర్లింగ్ గ్యాప్. ఇక్కడ నేషనల్ ట్రస్టువారి టీ దుకాణం ఉంది, భోజనానికి మంచి చోటు. పక్కనే 1878లో కోస్టుగార్డుల కోసం కట్టిన ఇళ్ళ వరుస ఉంది. వరుస అంటే మిగిలిన ముక్క. చివరి ఇల్లు అంచుకు వచ్చినప్పుడల్లా దాన్ని కూల్చడం, ఆ పక్కది చివరి ఇల్లు కావడం, ఇదీ వరస. 2014లో శీతాకాలపు తుఫానులు కొద్ది వారాల్లోనే కొన్నేళ్ళ కోత కోసేశాయి, మరొక ఇల్లు కూల్చవలసి వచ్చింది. కాలిగట్టు కడదాం, బండరాళ్ళు వేద్దాం అని అక్కడివాళ్ళు అడిగారు. అనుమతి రాలేదు. గోడ కడితే ఇక్కడి చరియ చస్తుంది, తూర్పు బీచికి రాళ్ళు అందవు, నష్టం పక్కవాడి మీద పడుతుంది అన్నది వాదం. సీఫర్డ్‌లో చూసిన లారీల కథ ఇక్కడ గుర్తు తెచ్చుకోవాలి.

వాదం సరైనదే. కాని ఆ ఇంటివాడి వైపు నుంచి కూడా ఆలోచించాలి. కాకినాడ దగ్గర ఉప్పాడ ఎరిగినవాళ్ళకు వేరే చెప్పనక్కరలేదు. అక్కడ సముద్రం ఇళ్ళనూ, గుళ్ళనూ, రోడ్డునూ మింగుతుంటే రాళ్ళు వేయడం, గోడలు కట్టడం, మళ్ళీ పోవడం ఏళ్ళ తరబడి చూస్తున్నాం. ఉప్పాడ జాలరికి "ప్రకృతిని దాని దారిన పోనివ్వండి" అని చెప్పడం తేలిక కాదు. అతనికి అది దృశ్యం కాదు, బతుకుతెరువు. నేలను సముద్రానికి వదిలేయడం ఒక్కోసారి మంచి నిర్ణయమే కావచ్చు, ఆ నష్టం ఎవరు భరించాలో తేల్చకుండా వదిలేయడం మాత్రం మంచిది కాదు.

కోత ఎంత వేగంగా జరుగుతోందన్నది 2016లో శాస్త్రజ్ఞులు లెక్కగట్టారు. హోప్ గ్యాప్ దగ్గర, బీచీ హెడ్ దగ్గర తీరపు రాతి పలక మీది చెకుముకిరాళ్ళను తీసి, ఆకాశం నుంచి వచ్చే విశ్వకిరణాల వల్ల వాటిలో పుట్టిన బెరిలియం పాళ్ళు కొలిచారు. ఏ రాయి ఎప్పటి నుంచి ఎండకు బయటపడిందో దాన్ని బట్టి తెలుస్తుంది. తేలింది ఇది: సుమారు 7,000 ఏళ్ళపాటు చరియ ఏడాదికి 2 నుంచి 6 సెంటీమీటర్ల చొప్పున వెనక్కి జరిగింది. గత 150 ఏళ్ళలో ఆ వేగం ఏడాదికి 22 నుంచి 32 సెంటీమీటర్లు. ముందు అడ్డుగా ఉండే గులకరాళ్ళ బీచి పలచబడడం ముఖ్య కారణమని వాళ్ళ అభిప్రాయం. తుఫానుల తీరు మారడం, తీరం వెంట మనుషులు కట్టిన గోడలు రాళ్ళ నడకను ఆపడం రెండూ అందుకు దోహదం చేసి ఉండవచ్చునన్నారు. కాబట్టి ఈ కోతలో సముద్రం వాటా ఎంతో, మనుషుల వాటా ఎంతో చూడాలి.

బర్లింగ్ గ్యాప్ నుంచి మళ్ళీ ఎక్కుడు. ఇక్కడి చరియ అడుగున 18వ శతాబ్ది మొదట్లో ఈస్ట్ డీన్ గుడి మతగురువు జోనథన్ డార్బీ గుహ తవ్వాడనీ, తుఫాను రాత్రుల్లో దీపం పట్టుకుని కూర్చుని మునిగే ఓడలవాళ్ళను ఆదుకునేవాడనీ చెప్పుకుంటారు. ఆయన 1726లో పోయాడు. సరిగ్గా ఆ కాలంలోనే ఓడ పగిలితే సరుకు ఏరుకోవడానికి ఎగబడే జనమూ ఉన్నారు. 1747లో నింఫా అమెరికానా అనే స్పానిష్ ఓడ ఈ తీరాన పగిలినప్పుడు చలికి, సారా మత్తుకు దోపిడీకి వచ్చినవాళ్ళే చాలామంది చచ్చారని చెబుతారు.

కొండ పైన బెల్ టూట్ దీపస్తంభం 1834లో వెలిగింది. దాని కోసం పలుకుబడి, కొంత సొమ్ము వినియోగించినవాడు జాన్ ఫుల్లర్, పార్లమెంటు సభ్యుడు. ఆయన ఆస్తిలో జమైకా చెరకుతోటలు, వాటి మీద పనిచేసిన బానిసలు ఉన్నారు. బానిసత్వం రద్దుకు ఆయన గట్టి విరోధి. నావికుల ప్రాణాలు కాచే దీపానికి ఆ డబ్బూ తోడ్పడింది, రెండు సంగతులూ చరిత్రలో పక్కపక్కనే ఉన్నాయి. దీపం కొండ మీద ఉండటంతో పొగమంచు పట్టినప్పుడు కనబడేది కాదు. ఓడ మరీ ఒడ్డుకు వస్తే చరియ అంచు దీపాన్ని కప్పేయాలి, అదే హెచ్చరిక అన్నది ఏర్పాటు. అంచు కూలుతూ వచ్చేసరికి ఆ లెక్కా తప్పింది. 1902లో బీచీ హెడ్ చరియ కింద సముద్రంలోనే కొత్త దీపస్తంభం కట్టి దీన్ని ఆర్పేశారు.

పాత స్తంభం ఇల్లుగా మారింది. 1990లు వచ్చేసరికి అంచు గుమ్మం దాకా వచ్చింది. అప్పుడు దాని యజమానులు గోడ కట్టమని అడగలేదు. 1999 మార్చిలో సుమారు 850 టన్నుల ఆ కట్టడాన్ని పునాదితో సహా హైడ్రాలిక్ జాకీల మీద ఎత్తి, పట్టాల మీద 17 మీటర్లు వెనక్కి జరిపారు. మళ్ళీ అవసరమైతే మళ్ళీ జరపడానికి వీలుగా ఏర్పాటు కూడా చేశారు. సముద్రంతో పోట్లాడకుండా, ఇంటినీ వదులుకోకుండా మూడో దారి ఒకటి ఉందని ఈ కట్టడం చూపిస్తుంది. డబ్బు ఉంటేనే అన్నమాట కూడా నిజమే.

అక్కడి నుంచి దారి మెల్లగా లేచి బీచీ హెడ్ చేరుతుంది. 'బీచి' అనే ఇంగ్లీషు మాటకూ దీనికీ సంబంధం లేదు, అందమైన తల అనే అర్థం గల ఫ్రెంచి మాట అరిగి ఇలా అయింది. 531 అడుగులు, బ్రిటన్‌లో సముద్రపు సుద్దచరియల్లో ఇదే అన్నిటికన్నా ఎత్తు. ఈ అంచు ఎదుటనే 1690లో ఫ్రెంచి నౌకాదళం ఇంగ్లీషు, డచ్చి నౌకల్ని ఓడించింది. కింద ఎరుపు తెలుపు పట్టీలతో బొమ్మలా కనిపించే దీపస్తంభం నిజానికి 142 అడుగులు. 2011లో ఇక దానికి రంగులు వేయనక్కరలేదని దీపస్తంభాల సంస్థ ట్రినిటీ హౌస్ నిర్ణయిస్తే, జనం చందాలు పోగుచేసి 2013లో పట్టీలు మళ్ళీ వేయించారు.

1895 ఆగస్టులో ఫ్రెడరిక్ ఎంగెల్స్ లండన్‌లో చనిపోయాడు. ఈస్ట్‌బోర్న్ ఆయనకు ఇష్టమైన విడిది. ఆయన కోరిక మేరకు ఎలియనోర్ మార్క్స్, మరి ముగ్గురు మిత్రులు పడవలో ఈ కొండ ఎదుట సముద్రం లోపలికి వెళ్ళి అస్థికలు కలిపారు. సమాధి లేదు, శిలాఫలకం లేదు. మన ఇళ్ళలో ఆయన పుస్తకాల తెలుగు అనువాదాలు చదివిన పెద్దలు ఎందరో ఉన్నారు. వాళ్ళలో ఎవరైనా ఈ దేశం వస్తే హైగేట్‌లో మార్క్స్ సమాధి చూసి వెళతారు. వాళ్ళను ఒకసారి ఇక్కడికీ తీసుకురావచ్చు.

ఈస్ట్‌బోర్న్ 1929 నాటికి కొన్న భూమి మనం దిగే ఈ కొండవాలు. కొన్నది ఒక తరం, నిలబెట్టుకోవలసినది తరువాతి తరాలు. డబ్బు అవసరం పడి ఆ మునిసిపాలిటీవారే ఆ కొండ వ్యవసాయ భూముల్లో సుమారు 3,000 ఎకరాలు అమ్మాలని తలపెట్టారు. ఊరివాళ్ళు సభలు పెట్టారు, ఉత్తరాలు రాశారు, సంతకాలు పోగుచేశారు. 2017లో కౌన్సిలు ఆ ఆలోచన విరమించుకుంది. ఆ సంతకాలు పెట్టినవాళ్ళలో ఎక్కువమంది ప్రభువులూ కాదు, పండితులూ కాదు, ఇంటిపన్ను కట్టే మామూలు మనుషులు.

మనమూ ఇంటిపన్ను కడుతున్నవాళ్ళమే. అయినా కౌన్సిలు నుంచి అభిప్రాయాలు అడుగుతూ వచ్చే కాగితాన్ని మనలో చాలామంది "ఇది వాళ్ళ గొడవ" అని చెత్తబుట్టలో వేస్తాం. గుడి స్థలం, తెలుగుబడి గది అయితే మాత్రం పదిమందిమి పోగవుతాం. పిల్లలు ఈ కొండల మీద పరుగెత్తి పెరిగినప్పుడు ఇవీ వాళ్ళ ఊరిపొలిమేరలే. 1926లో చందా వేసినవాళ్ళకు మన పిల్లలు వస్తారని తెలియదు, అయినా ఆ దారి వాళ్ళకూ మిగిలింది. ఇక ముందు అడిగినప్పుడు మన సంతకమూ ఉండాలి.

చివరగా, వెళ్ళేవారికి కొన్ని సూచనలు. అంచుకు దగ్గరగా వెళ్ళకండి, ఫొటోల కోసం అసలు వద్దు. పైన పచ్చికలా కనిపించే చోట కింద సుద్ద ఖాళీగా ఉండవచ్చు. కింద బీచిలో నడిచేటప్పుడు చరియ మొదట్లో కూర్చోకండి, రాళ్ళు చెప్పి పడవు. ఆటుపోట్ల వేళలు ముందే చూసుకోండి. చెట్లు లేవు గనుక ఎండ, గాలి రెండూ నేరుగా తగులుతాయి, టోపీలు, గాలికోట్లు రెండూ పట్టుకెళ్ళండి. నీళ్ళు సీఫర్డ్‌లోనే నింపుకోండి. ఆదివారాలు రైళ్ళ వేళలు మారుతుంటాయి, బయలుదేరే ముందురోజు సరిచూసుకోవడం మంచిది.